పన్ను మినహాయింపూ, పాదిరీ నాలుకా

మొన్న మా తరగతిలో ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, అమెరికాలో పాదిరీ ఫలానావాడికి ఓటు వేయమని చెబితే ఆ చర్చికి పన్ను మినహాయింపు పోతుందట, నిజమేనా?” అని అడిగాడు. చట్టంలో అలాగే వున్నదన్నాను. “ఐతే వాళ్లు మనకంటే మేలు” అన్నాడు. ఇంతలో గంట కొట్టారు. చాలాకాలం నేనూ అలా అనుకున్నవాణ్ణే. మతాన్ని రాజకీయాల నుంచి వేరు చేయాలన్న ప్రజాస్వామిక దృష్టి నుంచే ఆ చట్టం పుట్టివుంటుందని నమ్మాను. దాని పుట్టుక చూస్తే సంగతి వేరు.

1954 జూలై 2న అమెరికన్ సెనేట్‌లో లిండన్ జాన్సన్ ఆదాయపు పన్ను బిల్లుకు ఒక చిన్న సవరణ ప్రతిపాదించాడు. పన్ను మినహాయింపు పొందే మత, ధార్మిక, విద్యా సంస్థలు ఏ అభ్యర్థి పక్షానా ఎన్నికల ప్రచారంలో పాల్గొనరాదన్నదే దాని సారాంశం. విచారణ లేదు, చర్చ లేదు, నిమిషాలమీద సభ ఆమోదించింది. చర్చిల ప్రస్తావన అక్కడ వచ్చినట్టే లేదు. జాన్సన్ మనసులో వున్నవి చర్చిలు కావు. టెక్సాస్‌లో ఆ నెలలోనే ఆయన తన పార్టీ ప్రాథమిక ఎన్నిక ఎదుర్కోవలసివున్నది. డడ్లీ డౌగర్టీ అనే సంపన్న యువకుడు పోటీ చేస్తున్నాడు. జాన్సన్ కమ్యూనిస్టుల పట్ల మెతకగా వున్నాడని ప్రచారం చేసే సంఘాలు కొన్ని డౌగర్టీకి అండగా నిలిచాయి. ఆ రోజుల్లో చమురు కోటీశ్వరుడు హెచ్. ఎల్. హంట్ డబ్బుతో నడిచిన ‘ఫాక్ట్స్ ఫోరమ్’ వంటివి విద్యాసంస్థల పేరుతో పన్ను మినహాయింపు అనుభవిస్తూ మెకార్థీవాదాన్ని ఇంటింటికీ మోస్తున్నాయి.

ఇక్కడ లెక్క ఒకటి చూడాలి. సంస్థ పన్ను కట్టనక్కర లేకపోవడం చిన్న విషయం. దాత తాను యిచ్చిన చందాను తన ఆదాయంలోంచి తగ్గించి చూపవచ్చు, అసలు కిటుకు అది. 1954లో అమెరికాలో అత్యధిక ఆదాయంపై పన్ను రేటు నూటికి 91. అంటే ఆ అంతస్తులో వున్నవాడు ఒక డాలరు దానం చేస్తే అతని జేబులోంచి పోయేది 9 సెంట్లు, తక్కినది ఖజానాకు రావలసిన సొమ్ము. ధనికుడి అభిప్రాయాలకు దేశమంతా కలిసి తపాలా ఖర్చు భరించడమన్నమాట.

కాబట్టి సవరణ మంచిదే కదా అనవచ్చు. కాని అదే ఆగస్టు 16న ఐసెన్‌హోవర్ ఈ పన్నుల చట్టంపై సంతకం చేసి, ఎనిమిది రోజుల తర్వాత కమ్యూనిస్టు నియంత్రణ చట్టంపైనా సంతకం చేశాడు. ఆ వాతావరణంలో పన్ను మినహాయింపు ఎంత వాడి అయిన ఆయుధమో కాలిఫోర్నియా చూపించింది. ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని బోధించబోమని ప్రమాణం చేస్తేనే చర్చికైనా, మాజీ సైనికుడికైనా ఆస్తిపన్ను మినహాయింపు యిస్తామన్నది ఆ రాష్ట్రం. లాస్ ఏంజెల్స్ మొదటి యూనిటేరియన్ చర్చి ఆ కాగితంపై సంతకం చేయ నిరాకరించింది. కోర్టుకెక్కింది. 1958 జూన్ 30న సుప్రీంకోర్టు ఆ చర్చి పక్షాన తీర్పు యిచ్చింది. తన విధేయతను పౌరుడే రుజువు చేసుకోవాలనడం న్యాయం కాదన్నారు జస్టిస్ బ్రెన్నన్. ఆ ప్రమాణపత్రం మీద మారు మాట్లాడకుండా సంతకాలు పెట్టిన చర్చిలూ వున్నాయి, మరువరాదు.

అంతకు ముందూ ఇదే కథ. సంతాన నిరోధ ఉద్యమ సంఘానికి యిచ్చిన విరాళాలను మార్గరెట్ శాంగర్ భర్త తగ్గించి చూపబోతే, ఆ సంఘం చట్టాల మార్పు కోసం ఆందోళన చేస్తోందన్న కారణంతో 1930లో న్యాయస్థానం కుదరదన్నది. ఉన్న వ్యవస్థను పొగిడితే విద్య, మార్చమంటే ప్రచారం!

జాన్సన్ సవరణ అమలు జరిగిన తీరు మరీ విచిత్రం. 1992 ఎన్నికకు నాలుగు రోజుల ముందు న్యూయార్కు రాష్ట్రంలోని ఒక చర్చి, క్లింటన్‌కు ఓటు వేయడం పాపమన్న ధోరణిలో పెద్ద పత్రికల్లో పూర్తిపుట ప్రకటనలు వేయించింది. ఆ ప్రకటన ఖర్చుకు విరాళాలిస్తే పన్ను తగ్గుతుందని కింద అచ్చువేసింది కూడా! 1995లో మినహాయింపు రద్దయింది, 2000లో అప్పీలు కోర్టు రద్దును ఖాయపరిచింది. ఇంతవరకు బాగానే వున్నది. కాని 2004 అక్టోబరు 31న పాసడీనాలోని ఆల్ సెయింట్స్ చర్చిలో జార్జి రీగస్ అనే విశ్రాంత పాదిరీ ఇరాక్ యుద్ధాన్ని ఖండించాడు. ఫలానావాడికి ఓటు వేయండని అనలేదు. ఐనా పన్నుల శాఖ నోటీసు పంపి, రెండేళ్లకు పైగా వెంటాడి, 2007లో శిక్ష లేకుండానే ఫైలు మూసింది. తప్పు జరిగిందని మాత్రం రాసింది! ఏ వాక్యం తప్పో చెప్పలేదు. ఏది తప్పో తెలియనప్పుడు మిగతా పాదిరీలు ఏమి మాట్లాడతారు?

ఇప్పుడు గాలి మళ్లింది. 2025 జూలైలో పన్నుల శాఖ టెక్సాస్ ఫెడరల్ కోర్టుకు ఒక పత్రం సమర్పించింది. ఆరాధనా సందర్భంలో చర్చి తన సభ్యులకు ఎన్నికల గురించి చెప్పేది నిషేధం కిందికి రాదని అందులో వున్నది. చట్టంలో అక్షరం మారలేదు, అర్థం మారింది. కొందరు మిత్రులు దీన్ని వాక్‌స్వాతంత్ర్య విజయమంటున్నారు. నేను అంగీకరించలేను. మాట స్వేచ్ఛ వేరు, మాటకు ఖజానా సొమ్ము వేరు. పైగా ఈ వెసులుబాటు గుడులకూ చర్చిలకే, అనాథశరణాలయానికీ గ్రంథాలయానికీ కాదు. తక్కిన సంస్థల్లాగా చర్చిలు ఏటా లెక్కలు దాఖలు చేయనక్కరలేదు గనుక, ఎవరి డబ్బు ఏ పల్లకిలో వెళుతోందో బయటివాడికి కనబడదు. నేను కోరేది పాదిరీ నోరు మూయించమని కాదు, లెక్కల పుస్తకం తెరిపించమని. ఆ రెండింటినీ ఒకే ముడి వేసిన ఘనత జాన్సన్‌ది.

సోమవారం ఆ విద్యార్థికి ఇదంతా చెప్పాలి. మన మాటేమిటని తప్పక అడుగుతాడు. మత సంస్థల ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడితే జైలుశిక్ష విధించవచ్చునని 1988 నాటి కేంద్ర చట్టం ఒకటి మనకూ వున్నది. దాన్ని అటక మీంచి దింపి, దుమ్ము దులిపి తరగతికి తీసుకెళతాను.