గోడమీది బూజు, రొమ్ములోని పిల్లికూతలు

ఏటేట మృగశిర కార్తె ప్రవేశించు దినమున హైదరాబాదులో ఉబ్బసరోగులు వేలకొలది బారులు తీరుదురు. బత్తిని కుటుంబమువారు పసుపుపచ్చని మందుముద్దను చిన్న కొఱ్ఱమీను నోట పెట్టి, ఆ చేపను బ్రతికియుండగనే మ్రింగింతురు. ఇది 1845 నుండి జరుగుచున్నదని ఆ కుటుంబము చెప్పును. దీనివలన ఉబ్బసము కుదురునని శాస్త్రపరీక్షలలో రుజువు కాలేదు. ఇటీవల దీనిని మందనక ప్రసాదమనుచున్నారు. అయినను ఆ బారులను చూచి నవ్వుట తగదు. ఊపిరాడక కూర్చుండి తెల్లవార్చినవాడు సాయము ఎచ్చట దొరకునన్న అచ్చటికి పోవును. విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. మృగశిరతో వానలు మొదలగును, గోడలు చెమ్మగిల్లును. రోగి వైద్యుని వెదకికొని పోవుట ఎల్ల కాలములందును ఉన్నదే. ఆ రోగి పండుకొను గదిని వైద్యుడు ఎప్పుడు చూడసాగెను?

తెలుగున మూలల వ్రేలాడు సాలెపట్టు మసియు బూజే, తడి తగిలిన ఆవకాయపై లేచు తెల్లని నూగును బూజే. మనకు కావలసినది రెండవది. ఇది శిలీంధ్రజాతికి చెందినది. చెమ్మయు, కొంచెము సేంద్రియపదార్థమును దొరికినచో చాలును, గోడపైన, చాపపైన, పాత పుస్తకముపైన పెరుగును. దీని సిద్ధబీజములు పెక్కు మిల్లీమీటరులో వందవ వంతుకన్న చిన్నవి. అవి గాలిలో తేలి, ఊపిరితో శ్వాసనాళములలో చేరును.

ఈ సంగతిని మొదట పసిగట్టినవారిలో ఇంగ్లండు వైద్యుడు సర్ జాన్ ఫ్లాయరు ఒకడు. ముప్పది యేండ్లు తానే ఉబ్బసముతో బాధపడినవాడు. 1698లో ఆ రోగముపై గ్రంథము ప్రకటించెను. ద్రాక్షసారాయి పులియు నేలమాళిగలోనికి పోయిన రోగికి ఉబ్బసము తీవ్రముగా వచ్చుటను ఆయన గుర్తించెను. 1873లో మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ ఇంకొక అడుగు వేసి, తడిగడ్డిపై పెరిగిన బూజుల సిద్ధబీజములను తానే పీల్చి చూచెను. పెనిసిలియము జాతి బూజు పీల్చినపుడు గొంతు బొంగురుపోయి మాట పడిపోయినది. పిదప దగ్గు పట్టుకొన్నది.

సరిగా ఆ కాలముననే మన దేశమున కలకత్తా జైళ్ల పరిసరములలోని గాలిని డి. డి. కన్నింగుహాము సూక్ష్మదర్శినితో పరీక్షించెను. సిద్ధబీజములు సమృద్ధిగా కనబడినవి. కాని కలరా, విరేచనములు, చలిజ్వరము మొదలగువాటికిని వీటికిని సంబంధము కానరాలేదు. ఆయన చెప్పినది నిజమే. ఆయన సరిచూచిన రోగములలో ఉబ్బసము లేదు! పరీక్ష సరియైనదే అయినను, అడుగని ప్రశ్నకు సమాధానము రాదు గదా. ‘ఎలర్జీ’ అను మాటనే వియన్నా వైద్యుడు పిర్కే 1906లో కల్పించెను.

ఇంటిని చూచుట హాలండులోని లైడెను నగరమున జరిగినది. 1920 తరువాతి సంవత్సరములలో స్టార్మ్ వాన్ లీవెను అను ఆచార్యుడు శుభ్రమైన గాలి మాత్రమే వచ్చు గదులు కట్టించి, ఉబ్బసరోగులను అందులో ఉంచెను. పెక్కుమందికి ఉపశమనము కలిగెను. చెమ్మనేలల ఇండ్లలోని బూజే దోషియని ఆయన తలచెను. చిత్రమేమనగా, అదే నగరమున 1964లో ఫూర్‌హోర్స్టు, స్పీక్స్మా అనువారు ఇంటి దుమ్ములోని అతిసూక్ష్మమైన పురుగును పట్టి చూపిరి. అదియు చెమ్మనే కోరును. కనుక దోషి ఒకడు కాడు, ఇద్దఱు. ఇద్దఱికిని ఆశ్రయము తడియే.

2004లో అమెరికా వైద్య సంస్థ ఈ సాక్ష్యములన్నిటిని తూచినది. చెమ్మయిండ్లకును దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము పెచ్చరిల్లుట మొదలగువాటికిని సంబంధమున్నదని అంగీకరించినది. బూజునకు అంటగట్టబడిన అనేక ఇతర వ్యాధులకు సాక్ష్యము చాలదన్నది. దీర్ఘరోగి ప్రతిదానిని గోడమీదికి నెట్టుటయు పొరపాటే. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, గాలిలో సిద్ధబీజములు ఇన్నింటికి మించరాదని అంకె నిర్ణయింపక, చెమ్మను తొలగింపుడని చెప్పినది.

మన పల్లెలలో దసరాకు ముందు, అనగా వానలు వెలిసిన పిదప, ఇండ్లకు సున్నము వేయు ఆచారము కలదు. సున్నపు క్షారగుణము బూజునకు గిట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సున్నపురాయిగా మాఱినకొలది ఆ గుణము తగ్గును. అందుచే ఏటేట వేయవలసివచ్చును. నేడు రావిర్యాల, శంషాబాదు ప్రాంతములందు ఎమల్షను రంగులు వచ్చినవి. వాటిలోని సేంద్రియపదార్థము తడి తగిలినచో బూజునకు ఆహారము. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడువద్ద అప్పచెరువు తెగినపుడు వలె వరదనీరు ఇండ్లలో చొచ్చినచో, ఒకటి రెండు దినములలో ఆఱని వస్తువులపై బూజు మొలకెత్తగలదు.

ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆసుపత్రి వంటి చోటికి పోవు రోగి వైద్యునితో చెప్పవలసినవి కొన్ని కలవు: ఆయాసము ఏ ఋతువున హెచ్చును, ఏ గదిలో పండుకొనును, గోడకు నల్లమచ్చలు, ముక్కవాసన ఉన్నవా, ఊరు మాఱినపుడు రొమ్ము తేలికపడునా. వైద్యుడిచ్చిన పీల్చు మందు మానరాదు. గోడలోనికి నీరెక్కడనుండి వచ్చుచున్నదో చూచుటకు మాత్రము తాపీమేస్త్రీని పిలువవలెను.