కోటిపల్లి రైలుబస్సు: జనం లేరా, బళ్ళు లేవా?

నిజానికి రైళ్ళ గురించి మాట్లాడే హక్కు మా ఊరివాళ్ళకి పెద్దగా లేదు. మాది పట్టిసీమ. మాకు రేవుంది, లాంచీలున్నాయి, గోదారి మధ్యలో కొండ మీద వీరభద్రస్వామి గుడి ఉంది. రైలెక్కాలంటే మాత్రం కొవ్వూరో రాజమండ్రో పోవాల్సిందే. అయినా ఈ మధ్య మా టీములో లంచ్ దగ్గర ఒక వాదన వచ్చింది. "కాకినాడ-కోటిపల్లి రైలుబస్సు ఎందుకు నిలబడలేదు?" అని ఎవరో అడిగితే, "ఎక్కేవాళ్ళు లేక" అని ఒక్క ముక్కలో తేల్చేశారు మనవాళ్ళు. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ గోల.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. డెల్టాలో రాకపోకలంటే మొదట్నించీ నీళ్ళ మీదే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. ఆయన తవ్వించిన కాలువలు పొలాలకి మాత్రమే కాదు, పడవలకి కూడా. లాకులు కట్టింది అందుకే. ధాన్యం పడవల్లో కాకినాడ రేవుకి పోయేది. రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండి, సరుకు చవగ్గా పోతుంది అని ఆయన ఏళ్ళ తరబడి వాదించాడు కూడా. వాదనలో గెలిచింది మాత్రం రైలే. 1890ల్లో మద్రాసు-కలకత్తా దారి మన వైపు వచ్చింది, 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద బళ్ళు తిరిగాయి.

కానీ ఆ పెద్ద లైను డెల్టాకి పైఅంచున పోతుంది. వరి, కొబ్బరి పండే అసలు డెల్టా దానికి దిగువన ఉండిపోయింది. ఆ లోటు కొంత తీర్చడానికి 1928లో వేసిందే కాకినాడ-కోటిపల్లి లైను. 45 కిలోమీటర్లు. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టున కోటిపల్లి దాకా. అక్కడితో ఆగిపోతుంది. అవతల గట్టు ముక్తేశ్వరం, అంటే కోనసీమ. మధ్యలో పంటు మీద దాటాలి.

ఈ "అక్కడితో ఆగిపోతుంది" అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ లైను బతికింది పట్టుమని ఒక్క పుష్కరం. 1940లో పట్టాలు పీకేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలి. దేశంలో ఇలాంటి బ్రాంచి లైన్లు చాలావాటికి అదే గతి పట్టింది. పీకడానికి ఏ లైన్లు ఎంచుతారు? పెద్దగా ఆదాయం లేనివి. 1930ల్లో రోడ్డు మీద బస్సులు వచ్చి రైళ్ళ ఆదాయం తినేస్తున్నాయని రైల్వేవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1932-33లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు, 1936-37లో వెడ్జ్‌వుడ్ కమిటీ ఈ రోడ్డు-రైలు పోటీ గురించి నివేదికలు రాశారు. అంటే "చిన్న లైన్లు గిట్టుబాటు కావు" అన్న మాట మన తరంలో పుట్టింది కాదు, దానికి తొంభై ఏళ్ళు.

తర్వాత అరవై నాలుగేళ్ళు ఆ గట్టు మీద రైలు కూత లేదు. మళ్ళీ కదిలించింది లోక్‌సభ స్పీకరుగా చేసిన జి.ఎం.సి. బాలయోగి. ఆయన నియోజకవర్గం అమలాపురం. ఆయన ఆలోచన కోటిపల్లి దగ్గర ఆగేది కాదు. కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా సుమారు 57 కిలోమీటర్ల కొత్త లైను. అది 2000-01 బడ్జెట్లో మంజూరైంది. 2002 మార్చి 3న ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. పాత కాకినాడ-కోటిపల్లి ముక్క మాత్రం 2004లో మళ్ళీ తెరుచుకుంది.

సరే, లైను వచ్చింది. దాని మీద ఏం నడిపారు? రైలుబస్సు. పేరుకి తగ్గట్టే ఒకటే పెట్టె, పట్టాల మీద బస్సు. ఆలోచన తప్పేం కాదు. జనం తక్కువున్న చోట పెద్ద ఇంజనూ పది పెట్టెలూ లాక్కెళ్ళడం దండగ, చిన్న బండి చాలు అని. బయటి దేశాల్లో పల్లెల లైన్లు చాలా ఇలాంటి బళ్ళతోనే నిలబడ్డాయి. కాకపోతే అక్కడ చిన్న బండిని ఎక్కువసార్లు తిప్పుతారు. ఇక్కడ చిన్న బండిని తక్కువసార్లు తిప్పారు. రోజుకి ఒకటో రెండో ట్రిప్పులు, 45 కిలోమీటర్లకి రెండు గంటల పైమాటే. దారిలో కాపలా లేని గేట్లు. బండి ఆగాలి, సిబ్బంది దిగి గేటు వెయ్యాలి, బండి దాటాక మళ్ళీ ఆగాలి, గేటు తీసి ఎక్కాలి. నవ్వొస్తుంది గానీ, ఆ బండి కోసం ఎదురు చూసినవాడికి నవ్వు రాదు.

ఇప్పుడు మన భాషలో ఒక చిన్న లెక్క. ఇది కొలిచిన అంకె కాదు, కాగితం మీద వేసింది. రైలుబస్సులో 70 సీట్లు అనుకోండి. ఒక వైపుకి రోజుకి ఒక ట్రిప్పు అంటే 70 సీట్లు. అదే రోడ్డు మీద 50 సీట్ల బస్సు పావుగంటకొకటి చొప్పున 14 గంటలు తిరిగితే 56 ట్రిప్పులు, 2,800 సీట్లు. తేడా నలభై రెట్లు. ఇక రైలుబస్సు పూర్తిగా నిండినా "ఈ దారిలో రైలుకి గిరాకీ 70 మందే" అని కాగితాల్లో చేరుతుంది. మనం ఏదైనా సర్వరుకి రోజుకి 70 రిక్వెస్టులకి మించి రాకుండా అడ్డు పెట్టి, నెలాఖరుకి "చూశారా, దీన్ని ఎవరూ వాడట్లేదు" అని రిపోర్టు ఇస్తే మేనేజరు ఊరుకుంటాడా?

సీట్లకంటే ముఖ్యమైంది ఎదురుచూపు. పావుగంటకొక బస్సుంటే టైము చూడక్కర్లేదు, రోడ్డు మీదకొచ్చి నిలబడితే చాలు. రోజుకొక్క బండైతే, అది తప్పితే రేపే. కాలేజీకి పోయే పిల్లాడు, కాకినాడ ఆసుపత్రికి వెళ్ళే ముసలావిడ అలాంటి బండిని నమ్ముకుని పని పెట్టుకోరు. టికెట్టు చవకైనా సరే. అప్పుడు బండి ఖాళీగా పోతుంది. ఖాళీ చూపించి ట్రిప్పు పెంచరు. పెళ్ళైతేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు!

దీనికి తోడు ఆ "అక్కడితో ఆగిపోయే" సంగతి. 2000 దశకం మొదట్లో యానాం-ఎదుర్లంక మధ్య గౌతమి మీద రోడ్డు వంతెన వచ్చింది. దానికి బాలయోగి పేరే పెట్టారు. కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళేవాడు బస్సులో కూర్చుంటే నేరుగా దింపుతుంది. రైలుబస్సులో వెళ్ళేవాడు కోటిపల్లిలో దిగి, రేవుకి నడిచి, పంటెక్కి, ముక్తేశ్వరంలో మళ్ళీ ఆటో వెతుక్కోవాలి. ఒకే నాయకుడు కన్న రెండు కలల్లో రోడ్డు కల ముందు తీరింది, రైలు కల సగంలో ఆగింది. ఆ తీరిన సగం తీరని సగాన్ని ఇంకా బలహీనం చేసింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, వరస తప్పింది అంతే.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి దీని అద్దం బొమ్మ తెలుసు. 2003 ఆగస్టు 9న మొదలైన ఎం.ఎం.టి.ఎస్.కి జనం కొరత లేదు. లింగంపల్లి వైపు ఉదయం పూట ఎక్కినవాళ్ళని అడగండి. అక్కడ కొరత పట్టాలకి. దూరపు రైళ్ళు పోయే లైన్ల మీదే ఇవీ పోవాలి కాబట్టి కావలసినన్ని బళ్ళు వెయ్యడానికి ఖాళీ దొరకదు. 2017 నవంబరులో సొంత దారితో మెట్రో వచ్చాక, నిమిషాల తేడాతో బండి దొరికితే జనం ఎలా వస్తారో అందరం చూశాం. అక్కడ ఇప్పుడు బాధ వేరు: ఆరు పెట్టెలు పట్టే ప్లాట్‌ఫారాలు కట్టి, మూడు పెట్టెలతో మొదలుపెట్టారు. అయినా అది పెంచుకునే వీలున్న బాధ. కోటిపల్లి లైనుకి ఆ వీలు కూడా ఆలోచించలేదు.

పెంచుకునే వీలంటే ఏమిటో మా ఊళ్ళోనే చూపిస్తాను. పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులున్నాయి, ఒక్కోటి 354 క్యూసెక్కులు. 2015లో అన్నీ సిద్ధమయ్యేదాకా ఆగకుండా, బిగించినవి బిగించినట్టు నడిపారు. నీళ్ళని బట్టి ఎన్ని కావాలంటే అన్ని వేస్తారు. పంపులు మొన్న మొన్నటివి, ఈ తెలివి మాత్రం మా రేవు ఎప్పుడో నేర్చుకుంది. శివరాత్రికి జనం వెల్లువలా వస్తారు కాబట్టి ఆ రోజుకి పడవలూ లాంచీలూ ఎక్కువ వేస్తారు. "మామూలు రోజుల్లో ఎవరూ రావట్లేదు, శివరాత్రికి కూడా ఒకటే లాంచీ" అని ఎవరైనా అంటే గోదాట్లో తోస్తారు. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి, కోటిపల్లిలో సోమేశ్వరుడు. కార్తీకమాసం ఆ లైనుకి ఎప్పుడొస్తుందో పంచాంగంలో ముందే రాసుంటుంది. ఒకే పెట్టె ఉన్న బండికి పంచాంగంతో పనేముంది?

2020 మార్చిలో లాక్‌డౌన్‌కి దేశమంతా ప్యాసింజరు బళ్ళు ఆగినప్పుడు రైలుబస్సూ ఆగింది. పెద్ద రైళ్ళు పట్టాలెక్కినంత తొందరగా ఇలాంటి చిన్న బళ్ళు ఎక్కవు. అడిగేవాళ్ళు తక్కువ, చూపించడానికి అంకెలు తక్కువ.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, నరసాపురం లైను ఏదో ఒకనాడు పూర్తవుతుంది. గౌతమిలో స్తంభాలు లేచాయి. మూడు పాయల మీద మూడు వంతెనలంటే మాటలు కాదు, పాతికేళ్ళుగా కోనసీమ ఎదురు చూస్తున్న దారి. అంత ఖర్చు పెట్టి, చివర్లో పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి బళ్ళు వేసి, రెండేళ్ళకి "జనం ఎక్కట్లేదు" అంటే, 1940లో పట్టాలు పీకినవాళ్ళకీ మనకీ తేడా ఏముంటుంది? వాళ్ళకి కనీసం యుద్ధం అనే సాకుంది.

నాకు తోచింది చెప్తాను. గేట్ల దగ్గర మనుషుల్ని పెట్టండి, లేదా కింద దారులు తవ్వండి. మొదటి బండి కాలేజీ టైముకి కాకినాడ చేరాలి, చివరి బండి ఆఫీసులు వదిలాక బయల్దేరాలి. ముక్తేశ్వరం పంటు టైమూ బండి టైమూ కలపండి. రెండేళ్ళు అలా నడిపి అప్పుడు తలకాయలు లెక్కపెట్టండి. అప్పటికీ జనం రాకపోతే లైను దండగని నేనే ఒప్పుకుంటాను. అంతవరకూ "ఎక్కేవాళ్ళు లేరు" అన్న మాట లెక్క కాదు, సాకు.

కాకినాడ, రామచంద్రపురం వైపువాళ్ళెవరైనా ఆ బండిలో రోజూ తిరిగినవాళ్ళుంటే మీ అనుభవం చెప్పండి. నా లెక్క తప్పైతే సరిదిద్దండి, ఒప్పైతే మీ ఎమ్మెల్యేకి చెప్పండి.