మిషను: కుట్టేది కాదు, పంపేది

తెలుగువాళ్లకు ‘మిషను’ అంటే ముందు గుర్తొచ్చేది కుట్టుమిషను. అది మెషీన్‌కు వచ్చిన రూపం. గుంటూరులోనో ఒంగోలులోనో ‘మిషను ఆసుపత్రి’, ‘మిషను కాంపౌండు’ అన్నప్పుడు మాత్రం మాట వేరు. దాని మూలం లాటిన్, అర్థం ‘పంపడం’. 16వ శతాబ్దంలో జెసూట్లు మతప్రచారకులను దూరదేశాలకు పంపే పనికి ఈ మాటను వాడారు.

పంపేవాళ్లున్నారంటే ఖర్చు పెట్టేవాళ్లూ, లెక్క అడిగేవాళ్లూ ఉంటారు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషనులో మొదట్లో చేరినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. దాన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చే జరిగింది.

మూతపడకుండా నిలిచిన ఆ మిషనుకు అసలు పరీక్ష కరువు రూపంలో వచ్చింది. 1876-78 కరువులో ఆ మిషనుకే చెందిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకప్పుడు అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. ఆకలితో వచ్చినవాళ్లకు పార, తట్ట, కూలి దొరికాయి. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో అతడు బాప్తిస్మాలు ఆపేశాడు. చెప్పుకోదగ్గ నిగ్రహమది. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు.

ఇప్పుడీ మాట చర్చి గోడ దాటింది. తెలంగాణలో చెరువుల పూడికతీత పథకానికి ‘మిషన్ కాకతీయ’ అనీ, ఇంటింటికీ మంచినీళ్లిచ్చే పథకానికి ‘మిషన్ భగీరథ’ అనీ పేర్లు పెట్టారు.