ఆడపిల్ల ఈడపిల్ల కాదా?

ఆడపిల్ల అంటే 'ఆడ'పిల్లే కానీ 'ఈడ'పిల్ల కాదని మన పెద్దవాళ్లు నవ్వుతూ అంటుంటారు. ఈ మాట చాలాకాలం చట్టంలో కూడా ఉందంటే నమ్ముతారా?

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో కొడుకులతో పాటు కూతురికీ సమాన భాగం అంది. పెద్ద మార్పే! కానీ అందులోనే 23వ సెక్షన్ ఒకటుంది. పుట్టింట్లో నివసించే హక్కు పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, భర్త పోయిన కూతురికి మాత్రమే. అంటే కాపురం చెడితేనే పుట్టింటి గడప మనది. పైగా ఆ ఇల్లు పంచమని అడగాలంటే అన్నదమ్ములు పంచుకునేదాకా ఆగాలి.

తాతముత్తాతల నుంచి వచ్చే ఉమ్మడి ఆస్తి అయితే పుట్టుకతోనే మగపిల్లలది. దీన్ని మార్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1986లో చేసిన చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చి, కూతుర్ని కూడా కొడుకులాగే పుట్టుకతో వాటాదారుని చేసింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదు.

మా అమ్మకి 1983లో పెళ్లయింది, పిన్నికి 1987లో. 1992లో తాతగారు ఉండగానే పొలం పంచి రిజిస్ట్రేషన్ చేయించారు. పిన్నికి వాటా వచ్చింది. అమ్మకి చీర, పసుపు కుంకుమ పెట్టారు. "ముహూర్తం రెండేళ్లు ఆలస్యమైతే నేనూ రైతునయ్యేదాన్ని" అని అమ్మ ఇప్పటికీ నవ్వేస్తుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

2005 సెప్టెంబర్ 9న దేశమంతటికీ సవరణ వచ్చింది. పెళ్లయినా కాకపోయినా కూతురు వాటాదారే. 23వ సెక్షన్ తీసేశారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలను మాత్రం కదపరు. అందుకే అమ్మకి ఆ పొలం లేనట్టే.

ఒక్కటి గుర్తుంచుకుందాం. విడాకులైతే మాజీ భర్తకు మనం వారసులం కాము. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆయన ఇచ్చే భరణం ఆగిపోవచ్చు. పుట్టింటి వాటా అలా కాదు, పెళ్లితో పోదు, విడాకులతో మారదు. కాబట్టి పండక్కి వెళ్లినప్పుడు అన్నయ్య కాగితాలు ముందుపెట్టి "ఇక్కడో సంతకం పెట్టమ్మా" అంటే, కాఫీ తాగుతూ నింపాదిగా చదవండి. అది హక్కు వదులుకునే పత్రమైతే, ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. కానీ తెలిసే ఇవ్వండి.