మేడిగడ్డ, మూసీ, ఒక మూసేసిన టికెట్

2023 అక్టోబరు 21, శనివారం. తెల్లారితే సద్దుల బతుకమ్మ, అందుకని తొర్రూరులో ఇంట్లోనే ఉన్నా. రాత్రి టీవీలో మేడిగడ్డ బ్యారేజీ కుంగిందని వార్త. బాపు నావైపు తిరిగి "నువ్వు గూడ ఇంజినీరువే గద, అదెట్ల కుంగిందిరా?" అన్నడు. "నాది సాఫ్ట్‌వేర్ బాపూ, నాకేం తెలుస్తది" అని తప్పించుకున్నా. (బీటెక్‌లో నాది సివిల్ అన్న సంగతి ఆయనకి గుర్తుంది, నాకే లేదు :))

సిగ్గేసి తర్వాత చదివాను. భూపాలపల్లి జిల్లా, మహదేవపూర్ దగ్గర గోదావరి మీద 85 గేట్ల బ్యారేజీ. 16.17 టీఎంసీల నిల్వ. 2019 జూన్ 21న ప్రారంభించారు. నాలుగేళ్లకే ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. రాజకీయం జోలికి నేను పోను, ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను పట్టుకున్నవి వేరే విషయాలు.

మొదటిది, కుంగగానే డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లింది పోలీసు కంప్లయింటు. ఎవరో విద్రోహులు చేసుంటారని అనుమానం! ఇది చదివి నవ్వాను. సర్వర్ పడిపోగానే "ఎవరో హ్యాక్ చేశారేమో" అనడం మనకు కొత్తా?

రెండోది, అసలు గుచ్చుకున్నది. నవంబరులో జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదిక వచ్చింది. పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందని, ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లో లోపాలున్నాయని చెప్పింది. 2019 వరదల తర్వాతే దిగువన కాంక్రీటు దిమ్మెలు కదిలిపోయాయి. బాగుచెయ్యమని ఉత్తరాలు నడిచాయి, పని మాత్రం నడవలేదు. అంటే నాలుగేళ్లు ఓపెన్‌గా ఉన్న టికెట్ అన్నమాట. వానాకాలానికి ముందూ వెనకా చేయాల్సిన తనిఖీల రిపోర్టులు అడిగితే, ఆ కమిటీకి ఇవ్వలేదు.

ఇక్కడే మూసీ గుర్తొచ్చింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వరద. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన దేవుడి మీదో వాన మీదో తోసెయ్యలేదు. ఎక్కడ ఎన్ని అంగుళాల వాన పడింది, నదిలోకి నీరొచ్చే ప్రాంతంలో ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి, అన్నీ లెక్కగట్టారు. 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చారు. ఎగువన రెండు జలాశయాలు కట్టమని రాసిచ్చి ఆ ఏడాదే మైసూరు వెళ్లిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి, కట్టింది వేరేవాళ్లు. రాసిపెట్టిన లెక్క ఉంది కాబట్టి మనిషి వెళ్లిపోయినా పని ఆగలేదు. వందేళ్లు దాటాక కూడా ఆ లెక్క మనకి దొరుకుతోంది, నాలుగేళ్ల కిందటి తనిఖీ కాగితాలు కమిటీ చేతికి రాలేదు.

ఇదంతా రాసే అర్హత నాకుందా అంటే, అనుమానమే. ఒక కంపెనీలో చిన్న టీమ్‌కి లీడ్‌గా ఉన్నప్పుడు, డిస్క్ నిండుతోందని ఒక అలర్ట్ వచ్చేది. రిలీజ్ డేట్ దగ్గరపడిందని "తర్వాత చూద్దాం" అని రాసి టికెట్ మూసేశా. ఎనిమిది నెలలకి, నెలాఖరు రోజున పేమెంట్లన్నీ ఆగిపోయాయి. కాల్‌లో అందరూ ఉన్నారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నెట్‌వర్క్ వాళ్లని చూడమనండి". ఆ వారం డ్యూటీలో ఉన్నది మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. ప్రశ్నలన్నీ ఆమెకే. ఆ టికెట్ మూసింది నేనేనని చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

మొన్న ఊరెళ్లినప్పుడు బాపుకి ఈ కథంతా చెప్పా. మేడిగడ్డ పియర్ల గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలే. "మరి ఆ పిల్లకు ఏమన్న చెప్పినవా?" అన్నడు.

ఇంకా చెప్పలేదు.