ఓడ అడుగున ఎరుపెందుకు?

మా సత్తెనపల్లిలో పత్తికీ మిరపకాయలకీ లోటు లేదుగానీ, సముద్రం చూడాలంటే ప్రయాణం కట్టాల్సిందే. అలాంటి వూళ్ళో మా అక్కయ్య కొడుకు వారం రోజులుగా ప్లాస్టిక్ ముక్కలంటించి ఓడ కడుతున్నాడు. పైభాగానికి బూడిదరంగు వేసి, అడుక్కి ఎర్రరంగు డబ్బా మూత తీస్తూ, "నీళ్ళలో మునిగేదానికి యీ సోకెందుకు పిన్నీ?" అన్నాడు.

మనం గోడకి సున్నం వేసి, కింద జానెడు మేర జాజు పూస్తాం చూడండి, అలాంటి అలంకారమే అనుకుంటాం. కాదు. ఆ ఎరుపు వెనక పెద్ద కథే వుంది.

కర్ర ఓడకి తుఫానొక్కటే శత్రువు కాదు. ఉప్పునీళ్ళలో కర్రని తొలిచే ఓడపురుగు వుంది. పేరుకి పురుగేగానీ, అది ఆల్చిప్పల జాతిది. పైన ఏమీ తెలియనివ్వదు, లోపల జల్లెడ చేస్తుంది. పైగా అడుగున నాచూ గుల్లలూ పట్టి ఓడ నడక మందగిస్తుంది. మనవాళ్ళకి ఓడలు కొత్తవి కావు. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేలమీదే రెండు కొయ్యల ఓడ వుంది. గోదావరి మొగలో కోరంగి ఓడలకి పేరుపడ్డ రేవు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగీ'లనే పిలిచారు. మన దేశపు ఓడపనివాళ్ళు పలకల సందుల్లో దూది కూరి గుగ్గిలం పట్టించేవారు, పైన చేపనూనె పూసేవారు. దూది మాట వినగానే మా వూరివాళ్ళకి కాస్త గర్వంగా వుండదూ!

ఇంగ్లీషువాళ్ళు 1761లో 'అలారం' అనే యుద్ధనౌక అడుక్కి రాగిరేకులు తొడిగారు. రాగి మహిమ ఏమోగానీ, పురుగూ గుల్లా దగ్గరికి రాలేదు. రెండేళ్ళ తర్వాత విప్పి చూస్తే మాత్రం, రాగి తగిలినచోటల్లా ఇనపమేకులు తుప్పుపట్టి కరిగిపోయి వున్నాయి. కొన్ని మేకులు నిక్షేపంగా వున్నాయిట! ఎందుకయ్యా అంటే, రేకులకి చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకులకీ రేకుకీ మధ్య చిరక్కుండా వుండిపోయింది. రెండు లోహాలూ ఉప్పునీళ్ళలో కలవకుండా ఆ కాగితమే అడ్డుపడింది. ఆవకాయ మీద నూనె తేలకపోతే బూజు పడుతుందని తెలిసిన మనకి, యీ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మావాడి ఓడకీ పొరలే ప్రాణం. ముందు ముక్కల్ని సబ్బునీళ్ళతో కడగాలి, అచ్చునూనె వుంటే రంగు పట్టదు. తర్వాత ప్రైమరు, దానిమీద పలచగా రెండు మూడు పూతల రంగు. చిట్టచివర వార్నిషు. వార్నిషు లేకపోతే చేతుల చెమటకే రంగు పోతుంది. అదీ ముసురుపట్టిన రోజున కొడితే తెల్లగా మసకబారుతుంది. కిటికీలు తెరిచిపెట్టుకుని కొట్టడం మరీ ముఖ్యం, ఆ వాసన మంచిది కాదు.

ఇనప ఓడలొచ్చాక రాగిరేకు పనికిరాలేదు. ఓడే తుప్పుపడుతుంది కదా! అంచేత ముందు తుప్పు పట్టనివ్వని రంగు వేసి, దానిమీద రాగి ఆక్సైడు కలిపిన రంగు వేశారు. రాగి ఆక్సైడు ఎర్రగా వుంటుంది. అడుగు ఎరుపు అలా వచ్చింది. 1948 మార్చి 14న విశాఖపట్నంలో నెహ్రూగారు 'జల ఉష'ని నీళ్ళలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ అది. అప్పటికి ప్రపంచంలో ఓడలకి ఎర్ర అడుగు మామూలైపోయింది.

మనిషికి వున్నదానితో తృప్తేదీ? 1960ల తర్వాత రాగిని మించినదని తగరం కలిపిన రంగులొచ్చాయి. గుల్లలు చచ్చిన మాట నిజమే. కానీ ఆ విషం నీళ్ళలోకి దిగి, సముద్రపు ఆడనత్తలకి మగ అవయవాలు మొలిపించింది. పాపం, అవి గుడ్లు పెట్టలేకపోయాయి. ఫ్రాన్సులో ఆల్చిప్పల పెంపకందార్లు దివాళా తీసే స్థితికి వచ్చాక, 1982లో అక్కడ చిన్న పడవలకి ఆ రంగు మానిపించారు. ఓడలన్నిటికీ అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చేసరికి 2008 సెప్టెంబరు అయింది. ఇన్నేళ్ళూ నత్తల గోడు ఎవరికి పట్టింది చెప్పండి!

మళ్ళీ రాగి దగ్గరికే వచ్చారు. రేవుల్లో రాగి పేరుకుంటే అదీ నీటిప్రాణులకి చేటేనంటున్నారు. గుల్ల అంటుకోకుండా జారిపోయే సిలికాన్ పూతలూ వచ్చాయి. వీటికి ఎరుపే వుండాలని లేదు, నీలమో నలుపో వేసుకోవచ్చు. అయినా చాలా ఓడలు యింకా ఎర్ర అడుగుతోనే తిరుగుతున్నాయి.