రేవు దాటి బడికొచ్చిన వాళ్ళు

మన బడి రోజుల గురించి ఏదైనా రాయమని సావనీర్ కమిటీ వారు ఫోన్ చేశారు. బెత్తం దెబ్బల గురించీ, ఇంటర్వెల్‌లో కొనుక్కుతిన్న జీళ్ళ గురించీ, కొబ్బరితోటలో ఆడిన కబడ్డీ గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను. వృత్తిరీత్యా వంతెనల పని చేసేవాణ్ణి కాబట్టి నాకు నీళ్ళ మీదికే బుద్ధి పోతుంది. అందుకని మన హైస్కూలుకి పిల్లలు ఎలా వచ్చేవారు, ఎందుకు రాలేకపోయేవారు అన్న సంగతి రాస్తాను. ఇదీ చరిత్రే.

ఈ ఆలోచన మొదలైంది మా 1987 పదో తరగతి బ్యాచ్ మొన్న సంక్రాంతికి కలుసుకున్నప్పుడు. గ్రూపు ఫొటో పెద్దది చేయించి గోడకి పెట్టారు. ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి ఎక్కడున్నారో చెప్పుకుంటూ వచ్చాం. హైదరాబాదు, విశాఖ, కువైట్, మస్కట్, డాలస్. కాలం చేసిన వాళ్ళు కొందరు. ఇక మిగిలింది ఫొటోలో లేనివాళ్ళు. ఆరో తరగతిలో మాతోపాటే ఉండి, ఫొటో రోజుకి లేకుండా పోయినవాళ్ళు. వాళ్ళ పేర్లు గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాశాం. రాశాక చూస్తే, ఒకరిద్దరు తప్ప అందరూ లంకల వాళ్ళే.

మన భూగోళం కొంచెం చెప్పుకోవాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్యదే కోనసీమ. ముమ్మిడివరం నుంచి తూర్పుకి వెళితే అన్నంపల్లి దగ్గర వృద్ధ గౌతమి పాయ, దానికి అవతల ఐ.పోలవరం దీవి, ఆ దీవి చివర ఎదుర్లంక, అక్కడ అసలు గౌతమి, ఆవలి ఒడ్డున యానాం. ఈ పాయల మధ్యా పక్కనా లెక్కలేనన్ని లంకలు. ‘లంకాఫ్ ఠానేలంక’ అనే ఊరి పేరు రెవెన్యూ రికార్డుల్లో ఇంకెక్కడైనా చూశారా? లంకకి మళ్ళీ ఒక లంక ఉందంటే మన నేల సంగతి అర్థమవుతుంది.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. దానితోపాటు వచ్చిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడమే కాదు, చాలాకాలం మనకి రోడ్లు కూడా అవే. ధాన్యం, కొబ్బరి, పెళ్ళివారు అందరూ పడవలమీదే వెళ్ళేవారు. కాలవకి ఇవతల ఉన్న ఊళ్ళకి అది మేలు చేసింది. ఏటిగట్టుకి అవతల, అంటే నది వైపు ఉండిపోయిన లంకలకి గట్టూ లేదు, కాలవా లేదు. చదువు విషయంలోనూ అంతే. జిల్లా బోర్డు కాలంలో ఫోర్త్ ఫారం, ఫిఫ్త్ ఫారం అని చదివిన మన పెద్దలైనా, 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక చదివిన వాళ్ళయినా, హైస్కూలు చదువు కావాలంటే లంక దాటి రావలసిందే.

దాటడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. రెండు పడవలు పక్కపక్కన బిగించి పైన చెక్కలు పరిస్తే అది పంటు. దానిమీద సైకిళ్ళు, గేదెలు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు. చిన్న రేవుల్లో పంటు కూడా ఉండదు, నాటుపడవే. సముద్రం దగ్గర కాబట్టి పోటూ పాటూ మనదాకా తెలుస్తాయి. పాటు వేళ రేవులో మోకాటిలోతు బురద. లంక పిల్లలు నిక్కరు పైకి లాగి, చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచి నెత్తిమీద పెట్టుకుని వచ్చేవారు. ఫస్టు బెల్లుకి వాళ్ళు రాకపోతే ఏ మాస్టారూ కారణం అడిగేవారు కాదు. మబ్బు పడితే మా సోషల్ మాస్టారు పాఠం ఆపేసి, “లంకోళ్ళు బయల్దేరండర్రా, పడవ కట్టేస్తాడు” అనేవారు. “ఆయ్, మాస్టారండి” అంటూ నాలుగు బెంచీలు ఖాళీ అయ్యేవి. మాకు అది చూసి అసూయ. వానొస్తే వాళ్ళకి సెలవు, మాకు లెక్కల క్లాసు.

ఇక్కడ ఒక చిన్న మాట. మా బ్యాచ్‌లో సగం మంది పుట్టినరోజు జూలై ఒకటి. బడిలో వేసేటప్పుడు తారీఖు తెలియకపోతే మాస్టారు రాసిందే జాతకం. ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజు శుభాకాంక్షలు చెప్పుకోవడానికి పొద్దు చాలదు. లంకల వాళ్ళకైతే ఇంట్లో చెప్పే గుర్తు మరొకటి, 1953 వరదకి ముందా, తరవాతా అని. వాళ్ళ అమ్మానాన్నల వయసులు అలాగే లెక్కగట్టేవారు.

మా తరానికి ఆ గుర్తు 1986 ఆగస్టు. పదో తరగతిలోకి వచ్చి రెండు నెలలైంది. శుక్రవారం జెండా వందనం చేసి, బిళ్ళలు చప్పరించుకుంటూ ఇళ్ళకి వెళ్ళాం. మర్నాడు, అంటే ఆగస్టు 16న, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె అప్పుడు రేడియోలో విని ఊరుకున్నాను. ఇంజనీరయ్యాక లెక్క వేశాను. సెకనుకి 35 లక్షల ఘనపుటడుగులు అంటే అయిదు నిమిషాలు తిరక్కుండా ఒక టీఎంసీ. ఊళ్ళకి ఊళ్ళు నెలల తరబడి వాడుకునే నీళ్ళు, మనం కాఫీ తాగేలోపు వెళ్ళిపోతున్నాయన్న మాట. ఇప్పటికీ గోదావరి మీద ఏ కట్టడం గురించి మాట్లాడినా ఆ ఏటి వరద ప్రస్తావన రాకుండా ఉండదు.

లంకల జనం గట్టు మీదికీ, గట్టు మీది జనం ఊళ్ళోకీ వచ్చారు. మా తరగతి గదిలో కుటుంబాలు దిగాయి. నల్లబల్ల మీద అంతకు ముందు రోజు తారీఖు అలాగే ఉండగా కింద పొయ్యి వెలిగింది. నీళ్ళు తీశాక బడి తెరిచారు. హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్ల దగ్గర పలికేవాళ్ళు లేరు. మా క్లాసు మాస్టారు ఆ పేర్లు వెంటనే కొట్టెయ్యలేదు. దసరా సెలవుల దాకా రోజూ పిలిచారు. ఎవరూ పలక్కపోయినా ఒక్క క్షణం ఆగి, తరవాతి పేరుకి వెళ్ళేవారు. దీర్ఘకాలం రాని పిల్లల పేర్లు తీసెయ్యాలన్న రూలు ఎప్పుడూ ఉన్నదే. చివరికి ఎర్ర సిరా గీత తప్పలేదు.

ఆ పేర్లలో ఒకటి లెక్కల్లో మా అందరికంటే ముందుండే అమ్మాయిది. వరద వాళ్ళ లంక భూమిని కోసుకుపోయింది. ఇసక మేట వేసిన చోట అయినా పంట వస్తుందేమో గానీ, కోత పడిన భూమి తిరిగి రాదు. వాళ్ళ కుటుంబం పనికోసం పడమటికి వెళ్ళిపోయింది. ఆమె ఆచూకీ మా బ్యాచ్‌లో ఒకాయన వెతికి పట్టుకుని సంక్రాంతి కలయికకి పిలిచాడు. వచ్చింది. ఆ రోజుల్లో మేం ఆడపిల్లల్ని ‘మీరు’ అనే పిలిచేవాళ్ళం, ఇప్పుడూ అలవాటు పోలేదు. “మీరంతా నేను టెన్త్ ఫెయిలయ్యాననుకుంటున్నారేమో. నేను పరీక్షే రాయలేదండి” అంది. పదిహేనేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి ఇద్దరు పిల్లల్ని చదివించింది. నేను ఇంజనీరు కావడానికి నా తెలివి కంటే, మా ఇల్లు గట్టుకి ఇవతల ఉండడమే ఎక్కువ కారణమని ఆమె పక్కన కూర్చున్నప్పుడు అనిపించింది. ఇది వినయం కోసం అంటున్న మాట కాదు, లెక్క చూసి అంటున్నది.

దాటి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జి.ఎం.సి. బాలయోగి గారు 1951లో ఎదుర్లంకలో పుట్టారు. ఆ ఊళ్ళో బడి లేక గుత్తెనదీవికి వెళ్ళి చదువుకున్నారు. న్యాయశాస్త్రం చదివి, మేం పదో తరగతి పాసైన 1987లోనే తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు. అంటే బడి లేని ఊరి పిల్లవాడు మన బడుల యాజమాన్యానికి అధ్యక్షుడయ్యారు. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఎదుర్లంక నుంచి యానాంకి గౌతమి మీద వంతెన అదే ఏడాది అందుబాటులోకి వచ్చింది. దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టిన ఊరి రేవులో పంటు అవసరం అలా తీరింది.

1996 నవంబరు 6 తుఫాను గురించి వేరే వ్యాసాలు ఈ సావనీర్‌లో ఉంటాయని విన్నాను, అందుకని ఎక్కువ రాయను. భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారుల ఇళ్ళలో మగదిక్కు పోయిన చోట బడి మానేసి పనికి వెళ్ళిన పిల్లల సంగతి ఎవరైనా రాస్తే బాగుండును.

వంతెన వచ్చింది కదా, ఇక ఇదంతా పాతకథ అనుకునేవాళ్ళకి 2018 జూలై 14 గుర్తుచేస్తాను. రెండో శనివారం. ఐ.పోలవరం మండలం పశువుల్లంక రేవులో బడి నుంచి ఇంటికి వెళుతున్న పిల్లలున్న నాటుపడవ బోల్తాపడింది. అది గుద్దుకున్నది అక్కడే కడుతూ ఉన్న వంతెన స్తంభానికి. గల్లంతైన వారిలో ఎక్కువమంది హైస్కూలు ఆడపిల్లలు. మన నేలలో రాయి తగలదు, బావులు లోతుగా దించి స్తంభాలు లేపాలి, అలా లేపుతున్నప్పుడు వాటి చుట్టూ ప్రవాహం వడి పెరుగుతుంది. నా వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలిసిన విషయమే ఇది. సగం కట్టిన వంతెన పక్కన పడవ నడిచే రేవుంటే, ఆ పడవ సంగతి కూడా వంతెన పనిలో భాగంగానే చూడాలి. ఆ వార్త చదివిన రోజు నేను వేరే రాష్ట్రంలో ఒక నది మీద పనిలో ఉన్నాను. మా సైటు దగ్గర పడవ రేవుని కిలోమీటరు పైకి మార్పించాక గానీ పని మొదలుపెట్టనివ్వలేదు.

ఇక అసలు పని. మా బ్యాచ్ రాసిన కాగితంలో పదకొండు పేర్లున్నాయి. నలుగురి ఆచూకీ దొరికింది. మిగిలిన ఏడుగురి పేర్లు కమిటీ దగ్గర ఇచ్చాను. ముందు బ్యాచ్‌ల వారూ, తరవాతి వారూ ఇలాంటి కాగితం ఒకటి తయారుచేసి పంపితే, పాత హాజరు పట్టీలతో సరిచూసే పని నేనూ ఇద్దరు మిత్రులూ చేస్తాం. ఉన్న పట్టీలు స్కాన్ చేయించే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. చెదలు పట్టినవి ముందు కావాలి.